దిష్టిబొమ్మ డాలు

మా ఇంట్లో ఒక చట్టం ఉంది. చేసింది నేనే, కాపలా కాసేదీ నేనే. మా అమ్మాయి ఏ చేత్తో అన్నం తిన్నా, ఏ చేత్తో రాసినా, ఏ చేత్తో బంతి విసిరినా ఎవరూ నోరెత్తకూడదు. పిల్లది పుట్టుకతోనే పుర్రచేతి వాటం. నాదీ అంతే, కాకపోతే నన్ను చిన్నప్పుడే మార్చేశారు. పలక మీద ఎడమ చేత్తో గీత గీస్తే చాలు, మా అమ్మమ్మ ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసేది. కుడి చేత్తో రాస్తే అదే చేతిలో బెల్లం ముక్క పెట్టేది. బెల్లమంటే నాకు ప్రాణం, అలా మారిపోయాను. ఇప్పుడు కుడి చేత్తోనే తింటాను, సంతకాలు పెడతాను. కానీ ఉల్లిపాయలు తరగాలన్నా, బిగుసుకుపోయిన సీసా మూత తిప్పాలన్నా ముందు లేచేది ఎడమ చెయ్యే.

అత్తయ్య కాకినాడ నుంచి మిషిగన్‌లో మా ఊరు నోవైకి వచ్చినప్పుడల్లా మా ఇంటి చట్టానికి గండం వస్తుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. మనవరాలంటే పంచప్రాణాలు. సూట్‌కేసులో సగం ఆవిడ చీరలుంటే మిగతా సగం పిల్లకి సున్నుండలు. ఆ సున్నుండ చేతిలో పెట్టబోతూ మాత్రం ఆగిపోతారు.

"ఆ చెయ్యి కాదమ్మలూ, మంచి చెయ్యి చాపు."

"రెండూ మంచివే అత్తయ్యా," అని నేను వంటింట్లోంచి అరుస్తాను.

"ఇప్పుడు నేనేవన్నానమ్మా? తినే చెయ్యి చాపమన్నాను, అంతే కదా."

మా ఇద్దరి మధ్య గొడవెందుకని పిల్ల కుడి చెయ్యే చాపేది. సున్నుండ అందుకుని, ఎడమ చేతిలోకి మార్చుకుని తినేది. అత్తయ్యా నేనూ అది చూడనట్టు ఊరుకునేవాళ్లం.

ఈ ఏడాది మంచు కరిగే రోజుల్లో, పిల్ల ఆరో తరగతిలో ఉండగా, స్కూల్లో గ్రీకుల పాఠం మొదలైంది. అప్పటికే పిల్లకి గ్రీకు యోధుల గురించి చాలా తెలుసు, అంతా వీడియోల పుణ్యం. ఒంటి మీద చొక్కా ఉండదు. భుజాన ఎర్ర దుప్పటి, పొట్ట మీద ఇటుకలు పేర్చినట్టు కండలు. ఒక్కడే వందమందిని నరికి, కొండ ఎక్కి అరుస్తాడు. మా పిల్ల ఎక్కి అరవడానికి మా సోఫానే ఆ కొండ. అత్తయ్య పప్పు ఏరుతూ ఆ వీడియో చూసి నిజంగానే కంగారు పడ్డారు.

"యుద్ధానికి చొక్కా వేసుకోకుండా వెళ్లడవేవిటే? వాళ్లమ్మలు ఊరుకున్నారా?"

పాఠం మొదలయ్యాక మా సోఫా వీరుడికి రోజుకొక దెబ్బ తగిలింది. వాళ్ల చరిత్ర మాస్టారు ఆ వీరుణ్ణి పడగొట్టడానికే పుట్టినట్టున్నాడు. ఆ యోధుల్లో ఎక్కువమంది మామూలు రైతులట, కుమ్మరులట, చెప్పులు కుట్టేవాళ్లట. కబురొస్తే పని ఆపేసి, తాము కొనుక్కున్న డాలూ ఈటే తీసుకుని బయల్దేరేవాళ్లట. చొక్కా లేకుండా పోరాడటం బొమ్మలు వేసేవాళ్ల ముచ్చటట. తలకి పెట్టుకునే కంచు టోపీతో చెవులు సరిగ్గా వినపడవట. ఇంకా ఆ కండలున్నాయే, కొందరికి అవి కంచు కవచం మీద సాగగొట్టినవట. లోపల బొజ్జ ఎంత ఉన్నా బయటికి కనిపించేది కంచరి తీర్చిన పొట్టే.

"అలాంటిదొకటి నాక్కూడా ఆర్డర్ చెయ్యి," అన్నారు మా ఆయన. ఆయనది వర్క్ ఫ్రమ్ హోమ్. కెమెరాలో భుజాల దాకానే కనిపిస్తారు కాబట్టి ఆయనకి దాని అవసరం లేదని చెప్పాను.

అన్నిటికంటే పెద్ద దెబ్బ, ఒంటరి వీరుడనేవాడే లేకపోవడం. ఉన్నది వరస. భుజానికి భుజం ఆనించి నిలబడాలి, ఎడమ చేతికి డాలు, కుడి చేతిలో ఈటె. డాలు పెద్దది, గుండ్రంది, చెక్కది. దానిలో సగం మన ఒంటిని కాస్తే మిగతా సగం మన ఎడమ పక్కన ఉన్న మనిషిని కాస్తుంది. మనకి కుడి పక్క ఖాళీ కదా, దాన్ని మన కుడి పక్క మనిషి డాలు కాస్తుంది. ఒక్కడు జారుకుంటే గోడకి కన్నం పడినట్టే. పిల్ల ఇదంతా భోజనాల బల్ల మీద మిరపకాయలు పేర్చి మాకు చూపించింది. సోఫా వీరుడు పోయినందుకు ఏడుస్తుందేమో అనుకున్నాను గానీ, దానికి ఈ గోడ ఇంకా ఎక్కువ నచ్చింది.

పాఠం చివర ఒక గ్రీకు పండగ. స్కూలు వెనక మైదానంలో పిల్లలు రెండు సేనలుగా ఎదురెదురు నిలబడతారు. ఈటెల బదులు ఈతకొలనులో పట్టుకుని తేలే స్పాంజి గొట్టాలు. డాళ్లకి స్కూలువాళ్లే ప్లైవుడ్ చక్రాలు ఒకే కొలతతో కోసి ఇచ్చారు. పట్టీలు బిగించుకోవడం, బొమ్మ వేసుకోవడం ఇంటి పని. ముందు వరసలో ఎవరు నిలబడాలన్నది రిహార్సల్ చూసి మాస్టారు చెబుతాడు.

మా పిల్లకి ముందు వరస కావాలి. అది నోరు తెరిచి ఏదీ అడగదు. సాకర్‌లో బెంచీ మీద కూర్చుంటుంది, నాటకంలో చెట్టు వేషం వేస్తుంది, గ్రూప్ ఫోటోలో ఎవరి మోచేతి వెనకో నవ్వుతూ ఉంటుంది. అలాంటిది, ఈసారి మాత్రం నాకు ముందు నిలబడాలనుందని తనంతట తాను చెప్పింది. ఆ మాటకి నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

మర్నాడు స్కూలు నుంచి వస్తూనే బ్యాగు విసిరికొట్టింది.

"అమ్మా, లెఫ్టీస్ ఫ్రంట్ రో లో ఉండకూడదంట. మా క్లాస్‌లో అందరూ అన్నారు. లెఫ్టీ ఉంటే వాల్ బ్రేక్ అవుతుందంట."

"దానికేవుందే," అన్నారు అత్తయ్య తేలిగ్గా. "ఈటె కుడి చేత్తోనే పట్టుకో. ఆ గ్రీకులెవరో గానీ పద్ధతి తెలిసినవాళ్లు."

పద్ధతి అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఎన్ని బెల్లం ముక్కలు గుర్తొచ్చాయో! "ఈటె ఎడమ చేత్తోనే పట్టుకుంటుంది అత్తయ్యా. డాలు కుడి చేతికి కడతాను. ఎవరొద్దంటారో నేనూ చూస్తాను."

"మొక్కై వంగనిది మానై వంగుతుందా అమ్మాయ్? ఇప్పుడైతే ఇట్టే అలవాటైపోతుంది."

"వంగక్కర్లేదు. నిటారుగానే ఉంటుంది."

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారు. మా ఇంట్లో దుత్త లేదు, గరాజ్‌లో ప్లైవుడ్ ఉంది. ఆ శనివారమంతా దాని మీదే నా ప్రతాపం. నా ఉద్యోగం కార్ల సీట్లు డిజైన్ చేయడం. కూర్చునే మనిషి నడుముకి, మెడకి ఏది నప్పుతుందో రోజంతా చూస్తాను. ఆ విద్యంతా డాలు మీద చూపించాను. మధ్యలో ముంజేయి దూర్చడానికి వెడల్పాటి పట్టీ, దాని కింద సీటు స్పాంజి, అంచు దగ్గర పిడికిట్లో పట్టుకోవడానికి సీట్‌బెల్ట్ ముక్క. పిల్ల కుడి చెయ్యి కొలిచి, కుడి చేతికే బిగించాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం నేను, మా ఆయన ఆ సంగతి పెళ్లైన కొత్తల్లోనే గ్రహించి గరాజ్ వైపు రాలేదు.

బొమ్మ దగ్గర మాత్రం అత్తయ్యా నేనూ రాజీ పడ్డాం. గ్రీకులు డాలు మీద పాముల జుట్టుతో, కోరలతో, బయటికి చాపిన నాలుకతో ఒక రాక్షసి ముఖం వేసేవాళ్లని, అది చూస్తే శత్రువుకి గుండె జారుతుందని, చెడు దగ్గరికి రాదని పిల్ల చెప్పింది.

"అది మన దిష్టిబొమ్మే కదే!" అని అత్తయ్య కుంచె లాక్కున్నారు. గుండ్రటి గుడ్లు, కోరలు, బారెడు నాలుక వేశాక చెయ్యి ఆగక మెలితిరిగిన మీసాలు కూడా వేసేశారు. పిల్ల జుట్టులో పాములు కలిపింది. కాకినాడలో కొత్త మేడకి వేలాడాల్సిన ముఖం మిషిగన్‌లో యుద్ధానికి తయారైంది. చూస్తే నాకే భయమేసింది.

రిహార్సల్ రోజున సాయంత్రం పిల్ల కారెక్కుతూ డాలు వెనక సీట్లో పడేసింది. ఇంటికొచ్చాక బూట్లు విప్పుకుంటూ ఏడ్చింది. మాస్టారు ముందు వరసలోనే నిలబెట్టాడట. ఎడమ పక్కన దాని ప్రాణస్నేహితురాలు. అవతలి సేన పరుగెత్తుకొచ్చింది. మా పిల్ల డాలు కుడి పక్కకి ఉంది కాబట్టి ఆ అమ్మాయి కుడి పక్కని కాసేవాళ్లు లేరు. గొట్టాలన్నీ ఆ సందులోకే వచ్చాయి. ఆ పిల్ల తడి గడ్డిలో చతికిలబడింది.

"షీ సెడ్ నేను తనని కవర్ చెయ్యలేదు," అని వెక్కింది. "అమ్మా, అది ట్రూ. నేను చెయ్యలేదు."

మాస్టారు కోప్పడలేదట. సోమవారం దాకా ఆలోచించుకోమన్నాడట, కావాలంటే పక్కన నిలబడి బూర ఊదవచ్చన్నాడట, అదీ ముఖ్యమైన పనేనన్నాడట.

"నేను బూర ఊదను. మళ్లీ సైడ్‌లో ఉండను."

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. ఎడమచేతివాటం పిల్లల హక్కుల గురించి స్కూలుకి ఈమెయిల్ మొదలుపెట్టాను. ఇక్కడికొచ్చాక నాకు అబ్బిన విద్యల్లో ఇదొకటి, కోపాన్ని మర్యాదైన ఇంగ్లీషులో పేరాలు పేరాలుగా రాయగలను. రెండో పేరాలో ఉండగా మా ఆయన వచ్చి మూత దించారు.

"పంపుదువు గానీ, ఒక్క నిమిషం ఆగు. అసలు ఈ వరస ఏంటో ముందు నాకు చూపించండి."

ఇలా మా వంటింట్లో యుద్ధం జరిగింది. మొదట స్టీలు కంచాలు తీశాం. "నో, రియల్ డాలు హెవీ," అని పిల్ల వాటిని తిరిగి లోపల పెట్టించేసింది. అత్తయ్యకి ఇనప దోసె పెనం, నాకు కుక్కరు, పిల్లకి రెండు చెవుల ఇనప మూకుడు. ఎడమ చివర అత్తయ్య, మధ్యలో పిల్ల, కుడి చివర నేను. మా ఎదురుగా శత్రుసేన, అంటే మా ఆయన, చుట్టిన యోగా చాపతో.

ముందు రిహార్సల్‌లో నిలబడినట్టే నిలబడ్డాం. అత్తయ్యా నేనూ ఎడమ చేత్తో, పిల్ల కుడి చేత్తో. శత్రువు ఒక్క అడుగు వేసి అత్తయ్య డొక్కలో పొడిచారు.

"చచ్చాన్రా అబ్బాయ్! కన్నతల్లిని రా!"

పిల్ల నానమ్మ వైపు చూసింది. తర్వాత తన మూకుడు వైపు చూసింది. రిహార్సల్‌లో జరిగింది ఇదేనని దానికి తెలిసిపోయింది. నేనేదో చెప్పబోతున్నాను, ఏం చెప్పబోయానో ఇప్పుడు గుర్తు లేదు, ఈలోపే అది మూకుడు ఎడమ చేతికి మార్చుకుంది. నానమ్మ డొక్క ముందు మూకుడు అంచు వచ్చి నిలిచింది. ఈసారి శత్రువుకి సందు దొరకలేదు. అటు పొడిస్తే పెనం, ఇటు పొడిస్తే మూకుడు. నా కుడి పక్క ఒక్కటే ఖాళీ, కానీ ఆయన అక్కడ పొడిస్తే రాత్రికి వంటెవరు చేస్తారో ఆలోచించుకున్నట్టున్నారు.

"సరే, మీ చేతులు నొప్పి పుట్టేదాకా ఇక్కడే ఉంటాను," అని ఆయన గ్యాస్ పొయ్యికి ఆనుకుని నిలబడ్డారు.

కాసేపటికి పెనం ఊగింది. ఇంకాసేపటికి అత్తయ్య మోకాళ్ల దాకా జారింది. "నా వల్ల కాదురా, చెయ్యి లాగేస్తోంది," అని ఆవిడ పెనం గట్టు మీద పెట్టేశారు. మేమిద్దరం అలాగే ఉన్నాం. మూకుడు దించలేదు, కుక్కరు దించలేదు. నా చెయ్యి నొప్పిగా ఉంది గానీ పడిపోయేలా లేదు. ఎన్నాళ్ల తర్వాతో దానికి తగిన పని దొరికినట్టుంది.

పిల్ల ముందు నా చేతిని చూసి, తర్వాత తన చేతిని చూసుకుంది.

"అమ్మా! మన చెయ్యి పడలేదు. నానమ్మ రైటీ కదా, సో లెఫ్ట్ వీక్. క్లాస్‌లో కూడా అందరిదీ పడిపోతుంది. మనది పడదు."

యుద్ధమంటే ఈటె అనుకున్నాను నేను. మంచి చేత్తో మంచి ఆయుధం పట్టుకోవాలని, దాని కోసం ప్రపంచంతో పోట్లాడాలని అనుకున్నాను. బరువంతా మోసేది డాలు పట్టిన చెయ్యేనని, ఆ వరసకి కావాల్సింది బలమైన ఎడమ చెయ్యేనని నాకు తట్టలేదు. ఎవరూ నా పిల్ల చెయ్యి మార్చలేదు. దాని చేతికి సరైన పని అదే వెతుక్కుంది.

అత్తయ్య భుజం రుద్దుకుంటూ కుర్చీలో కూర్చున్నారు. "ఏవిటో, ఇన్నేళ్లూ ఈ చేత్తో ఒక్క పనీ చేయించలేదు," అన్నారు తన ఎడమ చేతిని చూసుకుంటూ. "అందుకే పడిపోయింది."

నేను స్క్రూడ్రైవర్ తీసుకుని గరాజ్‌లోకి నడిచాను. పట్టీలు విప్పి మళ్లీ ఎడమ చేతికి బిగించాలి కదా, సగం రోజు పని. పిల్ల నా వెనకే వచ్చి డాలు అందుకుంది, బండి స్టీరింగ్‌లా సగం చుట్టు తిప్పింది, ఎడమ చెయ్యి దూర్చింది. అతికినట్టు సరిపోయింది.

"అమ్మా, ఇది రౌండ్."

ఇన్నేళ్ల నా ఇంజనీరింగ్‌కి ఆ రెండు మాటలు చాలు. మా ఆయన గుమ్మంలో నిలబడి గోడకేసి తిరిగి నవ్వుతున్నారు. స్క్రూడ్రైవర్ ఆయన మీదకి విసరాలనిపించింది. ఒక్కటే చిక్కు, ఇప్పుడు దిష్టిబొమ్మ తలకిందులైంది. నాలుక ఆకాశంలోకి, మీసాలు కిందికి, పాములు గడ్డంలా వేలాడుతున్నాయి. మళ్లీ రంగు వేద్దామన్నాను.

"ఉండనియ్యి," అన్నారు అత్తయ్య. "దిష్టి ఇంకా బాగా పోతుంది."

పండగ రోజున గాలి చలిగా వీస్తోంది. తల్లిదండ్రులందరం మడత కుర్చీల్లో కూర్చున్నాం. అత్తయ్య పట్టుచీర మీద మా ఆయన జాకెట్ వేసుకుని, కింద స్పోర్ట్స్ షూస్‌తో, ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. మాస్టారు దుప్పటి కట్టుకుని మైకు పట్టుకున్నాడు, చొక్కా మీదే కట్టుకున్నాడు. ముందు వరసలో, సరిగ్గా మధ్యలో, తలకిందుల దిష్టిబొమ్మ.

బూర మోగింది, ఊదింది వేరే పిల్లాడు. వరస కదిలింది. కదలడం ముందుకే గానీ, కొంచెం కొంచెంగా కుడి వైపుకీ జరుగుతోంది. ప్రతి పిల్లా తన కుడి పక్క డాలు వెనక్కి ఇంకొంచెం ఒదుగుతోంది. అసలు గ్రీకు సేనలకీ ఇదే జబ్బట, ఎంతటి యోధుడైనా పక్కవాడి డాలు చాటుకి జరిగేవాడని మాస్టారు మైకులో చెబుతుండగానే సేన మొత్తం జరిగి జరిగి కప్‌కేకుల బల్ల మీదకి వచ్చేసింది. మేం నలుగురైదుగురం లేచి పరుగెత్తి ట్రేలు కాపాడాం. ఆ రోజు చరిత్రలో మేం పాల్గొన్న భాగం అదే.

తర్వాత రెండు సేనలూ ఆనుకున్నాయి. తోపులాట వద్దు, డాలు దించకుండా నిలబడటమే పందెం అన్నాడు మాస్టారు. మొదట్లో అందరి డాళ్లూ గోడలా ఉన్నాయి. కాసేపటికి చివర ఒకటి వాలింది. దాని పక్కది వాలింది. ఎవరో కుడి చేత్తో ఎడమ చేతిని ఎత్తి పట్టుకున్నారు. అటూ ఇటూ అన్నీ నడుముల దాకా, మోకాళ్ల దాకా జారిపోతుంటే మధ్యలో ఆ నాలుక మాత్రం ఆకాశంలోకే చూస్తోంది. మా పిల్ల చేతిలో గొట్టం ఎప్పుడో జారి బురదలో పడింది. వంగి తీసుకోలేదు. పక్కనున్న స్నేహితురాలి కుడి భుజం ముందు నుంచి డాలు అంచు కదల్లేదు. ఆ అమ్మాయి డాలు వాలిపోయింది గానీ ఆ అమ్మాయి మీద ఒక్క గొట్టం పడలేదు.

"ఈటె పోతే సిగ్గు లేదు," అన్నాడు మాస్టారు మైకులో. "డాలు పడేస్తేనే సిగ్గు అనుకునేవాళ్లు వాళ్లు. ఎందుకంటే డాలు పక్కవాళ్ల కోసం." ఆయన మా పిల్ల పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. మీసాల రాక్షసి ఎవరిదని అందరూ అడుగుతున్నారు.

గెలిచిందెవరో నాకు తెలియదు. చివరికి రెండు సేనలూ కలిసి బురదలో పడి నవ్వుకున్నాయి. పిల్ల మోకాళ్ల దాకా మట్టితో మా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. అత్తయ్య డబ్బా మూత తీసి సున్నుండ అందుకున్నారు. పిల్ల అలవాటుగా కుడి చెయ్యి చాపింది.

"ఆ చెయ్యి కాదమ్మలూ," అన్నారు అత్తయ్య. "డాలు పట్టిన చెయ్యి."

పిల్ల నా వైపు చూసింది. ఎడమ చెయ్యి మెల్లగా చాపింది. అత్తయ్య ఆ అరచేతిలో సున్నుండ పెట్టి, వేళ్లు మూసి, పైన తన చెయ్యి వేసి కాసేపు పట్టుకున్నారు.

"మరి నాకు?" అన్నాను.

చెయ్యి చాపాను. ఏ చెయ్యో నేను చూసుకోలేదు. అత్తయ్య చూశారు, చూసి ఆ చేతిలోనే పెట్టారు.